నూతికి కునుకు

మెరకపాలెం, అల్లవరం మండలం
1994 జనవరి

మా ఇంటి ఆడపడుచు ఉమకి,

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు. సగం అనుమతి ఇక్కడ మీ అన్నయ్యది ఉంది, మిగతా సగం కోసం నీకు రాస్తున్నాను.

ఊళ్ళో ఎవరిని కదిపినా రొయ్యల మాటే. సార్వా, దాళ్వా అన్న వరి పంటల మాటలు జనం మర్చిపోయారు. మీ అన్నయ్య కూడా నీ తోట పక్కనున్న మన చేలో చెరువులు తవ్వించారు. వాటిలోకి సముద్రపు పాయ నుంచి నీళ్ళు పెడతారు. ఎండలు ముదిరితే ఆ నీళ్ళలో ఉప్పు ఎక్కువై రొయ్య ఎదగదట, మంచినీళ్ళు కలపాలట. మనకి మంచినీళ్ళు ఎక్కడున్నాయి? అత్తయ్యగారు నీకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన కొబ్బరితోటలో, ఇసకదిబ్బ మీదున్న ఆ ఒక్క నుయ్యే కదా. ఊరికీ అదే, పేటకీ అదే. దానికి కరెంటు మోటారు పెట్టుకోవాలని మీ అన్నయ్య కోరిక. చెల్లెల్ని అడగడానికి సిగ్గుపడి నన్ను ముందుకు తోశారు.

నేను ఒక్క మాట అన్నాను. వేసవిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్యగారు నూతి దగ్గర చేంతాడు విప్పుకొచ్చి ఇంట్లో కొక్కేనికి తగిలించేవారు. పొద్దు వాలేదాకా ఎవరూ తోడడానికి లేదు. "నూతికి కునుకు పట్టనివ్వండర్రా" అనేవారు. మోటారుకి కునుకెక్కడిదండీ అని అడిగాను. "మోటారుకి స్విచ్చుంటాదే" అన్నారు మీ అన్నయ్య. ఆ జవాబు నాకూ బాగానే ఉంది.

ఎలీసమ్మ పక్కనే కూర్చుంది. కింద కాస్త చోటు వదలమంటోంది. మీ ఇంట్లో అన్నయ్యగారికి నా నమస్కారాలు.

నీ వదిన
నాగదుర్గ

ఉమాగారికి ఎలీసమ్మ వందనాలండి. అంగన్‌వాడీ పిల్లలకి వండి పెట్టి, పద్యాలు చెప్పి, గొంతు పోయింది కాబట్టి రాతలో పలకరిస్తున్నాను. కునుకు వేళ మీరూ నేనూ దొంగతనంగా చేద వేసి పెద్దమ్మగారికి దొరికిపోయాం, గుర్తుందాండీ? నీళ్ళు మీరు తాగేరు, తిట్లు నేను తిన్నాను. ఆయ్, లోకం ఇప్పుడూ అలాగే ఉందండి.


కపిలేశ్వరపురం
1994 జనవరి

వదినా,

ఉత్తరం చదివి మా ఆయన ఒకటే నవ్వు. "మీ అన్నయ్యకి రొయ్యల్ని పెంచే ధైర్యముంది గానీ నిన్నడిగే ధైర్యం లేదన్నమాట" అన్నారు. నన్ను చూసి భయపడేవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరైనా ఉన్నందుకు సంతోషం.

పెట్టుకోమను. తోట నాదన్నది కాగితం మీద మాట. కాయ దింపు తీయించేది మీరు, చెట్లకి మట్టి తోలించేది మీరు. నేను అడగ్గానే కొబ్బరికాయలు పంపేదీ మీరే. కాకపోతే కునుకు మాత్రం తప్పించొద్దు. అమ్మ పోయినా అమ్మ మాట ఒకటి ఆ తోటలో మిగలాలి.

నిజం చెప్పాలంటే నాకు ఆ కునుకులూ పొదుపులూ మరుపున పడ్డాయి. పెళ్ళై వచ్చిన కొత్తలో గ్లాసులో మిగిలిన నీళ్ళు మొక్క మొదట్లో పోస్తుంటే మా అత్తగారు విడ్డూరంగా చూసేవారు. గోదారి గట్టున నీళ్ళకి ఎవరు విలువిస్తారు? ఇక్కడ గొయ్యి తీస్తే నీళ్ళు, గుంట తీస్తే నీళ్ళు. ఇప్పుడు నేనూ బిందెలకి బిందెలు పారబోస్తున్నాను.

ఎలీసమ్మా, నువ్వు తిన్న తిట్లకి నేను బాకీ ఉన్నాను. పోనీ ఓ పాపనో బాబునో కను, పేరు నేను పెట్టి బాకీ తీర్చుకుంటాను. మీ ఆయన శ్యామ్ బాబుని అడిగానని చెప్పు.

నీ మరదలు
ఉమ


మెరకపాలెం
1994 సెప్టెంబరు

ఉమా,

అన్నీ శుభవార్తలే. మొదటి పంట చేతికొచ్చింది. చెరువు గట్టు మీదికే లారీ వచ్చి, ఐసు పెట్టెల్లో రొయ్యలు నింపుకుని పోయింది. మన పాత పెంకుటింటి పక్కన స్లాబు వేశాం. ఇంట్లోకి ఫ్రిజ్జు వచ్చింది. మొదటి రోజు దాని తలుపు తెరిచి ముందు కూర్చుని కూరగాయలు తరిగాను, చల్లగా ఉంటుందని. మీ అన్నయ్య చూసి తిట్టారు.

గొప్పలకి రాస్తున్నాననుకోకు గానీ, ఊరంతా ఇలాగే ఉంది. పేటలో ఆడవాళ్ళకి కూడా రొయ్య తలలు తీసే పని దొరికింది. వరి కోతల్లో కూలి కంటే మెరుగట. ఎవరూ ఎవరినీ తప్పు పట్టే రోజులు కావు.

మోటారు బాగా తిరుగుతోంది. కునుకు చాలావరకు పాటిస్తున్నాం.

నీ వదిన

చాలావరకు అంటే ఆదివారాలండి, ఉమాగారూ. ఆ రోజు మోటారు చూసే కుర్రోడు చర్చికొస్తాడు. మిగతా రోజులు నుయ్యి కళ్ళు తెరుచుకునే ఉంటంది. వదినగారు ఈ ముక్క కొట్టెయ్యమంటున్నారు. కొట్టనండి. - ఎలీసమ్మ


మెరకపాలెం
1995 మార్చి

ఉమా,

ముందు సంతోషం చెబుతాను. ఇన్నేళ్ళకి ఎలీసమ్మ నెల తప్పింది. మూడో నెల. శ్యామ్ బాబు సైకిలు వెనక దిండు కట్టి మరీ అంగన్‌వాడీకి దింపుతున్నాడు. ఆవిడ సిగ్గుతో దిండు తీసి చంకలో పెట్టుకుని దిగుతోంది. కింద చోటు వదిలాను గానీ, "పేరు ఆలోచించమనండి, అంతే" అని పారిపోయింది.

రెండో సంగతి నూతి గురించి. నీళ్ళు బాగా దిగిపోయాయి. పొద్దున్నే చేద వేస్తే అడుగున ఇసక గీరుకుంటోంది. ఆడవాళ్ళు బిందెలు వరస పెట్టుకుని కూర్చుంటున్నారు. ఒకరు తోడాక మరొకరు తోడడానికి ఊట రావాలి. మీ అన్నయ్య రెండు రకాలుగా ఆలోచిస్తున్నారు. మోటారు ఆపేద్దామంటే రొయ్య సగం ఎదిగి ఉంది, ఇప్పుడు మంచినీళ్ళు మానితే పంట మొత్తం పోతుంది. ఆపకపోతే జనం తిడతారు. మన ఊరి పెద్దలు బంగారయ్యగారు "ఆపెయ్యి బాబూ, తొలకరి దాకా ఓపిక పట్టు, వానలకి అదే ఊరతాది" అంటున్నారు. మీ అన్నయ్యకి నిద్ర లేదు.

నుయ్యి నీది. మీ ఊళ్ళో నూతులూ బోర్లూ ఎక్కువ కదా, మీరేం చేస్తారో అన్నయ్యగారిని కనుక్కుని రాయి.

నీ వదిన


కపిలేశ్వరపురం
1995 మార్చి

వదినా,

ఎలీసమ్మ సంగతి చదివి ఇల్లంతా గంతులేశాను. ఆడపిల్లైతే కరుణ, మగపిల్లాడైతే కృపాకర్. ఇక మార్పుల్లేవు. చింతకాయ పచ్చడి జాడీ పంపుతున్నాను, నువ్వు ముట్టుకోకుండా ఆవిడకివ్వు.

ఇక నూతి మాట. దీనికి ఇంత గోలేమిటి? నీళ్ళు దిగిపోతే లోతు చెయ్యాలి. మా లంకలో ఏటా ఎండల్లో చేసే పనే అది. మనుషుల్ని దింపి, అడుగున ఇసక తోడించి, పైనుంచి కొత్త సిమెంటు ఒరలు దించుతారు. లోతుకి పోయిన కొద్దీ ఊట జోరు, నీళ్ళు చల్లన, తియ్యన. మా ఆయన కూడా అదే అన్నారు. రెండు మూడు ఒరలు దింపితే ఊరికీ చాలతాయి, రొయ్యకీ చాలతాయి.

బంగారయ్యగారు చిన్నప్పట్నుంచీ అంతే, దేనికైనా ఆపు ఆపు అంటారు. అన్నయ్య మెత్తని మనిషి, పదిమందీ పది మాటలంటే అక్కడే నిలబడిపోతాడు. అందుకని ఈ ఉత్తరం చూపించి గట్టిగా చెప్పు. తోట నాది, నుయ్యి నాది, దింపమని చెబుతున్నది నేను. ఎవరైనా అడ్డొస్తే నా పేరు చెప్పమను.

ఉమ


మెరకపాలెం
1995 మే

ఉమా,

క్షేమం. నువ్వు చెప్పినట్టే ఒరలు దించారు. నీళ్ళు బాగా పడ్డాయి. మీ అన్నయ్య నిన్ను తలుచుకున్నారు.

కొత్త ఒరల వాసన పోయేదాకా తాగడానికి బయటినుంచి తెచ్చుకుంటున్నాం. ఎండలు మండిపోతున్నాయి. పచ్చడి అందింది, ఎలీసమ్మకిచ్చాను.

వంట్లో నలతగా ఉంది, ఎక్కువ రాయలేను.

నాగదుర్గ


కపిలేశ్వరపురం
1995 జులై

వదినా,

నీ ఉత్తరాలకేం తెగులు పట్టింది? ఇన్‌లాండ్ లెటర్ మూడొంతులు ఖాళీగా పంపుతున్నావు. తపాలా వాళ్ళకి కాగితం పుణ్యానికిస్తున్నావా? ఒంట్లో బాగోలేదంటే అన్నయ్య చేతైనా రాయించు.

ఎలీసమ్మ ముక్క ఒక్కటీ లేదు. నెలలు నిండుతున్న మనిషి కదా, కాళ్ళు నీరు పట్టాయా? అన్నం సయిస్తోందా? ఆవిడ వెటకారం లేకపోతే నీ ఉత్తరం ఉప్పు లేని పప్పులా ఉంది. ఒక్క గీత గీయించి పంపు, చాలు.

ఉమ


మెరకపాలెం
1995 ఆగస్టు

ఉమా,

ఎలీసమ్మ పురిటికని పుట్టింటికి వెళ్ళింది. అక్కణ్ణుంచి కబురు రాలేదు. వచ్చాక రాయిస్తాను.

చెరువుల్లో రొయ్యకి తెల్లమచ్చ తెగులొచ్చింది. తేలిపోయిన రొయ్యని గట్టు మీద పోసి సున్నం చల్లారు. మన ఒక్కరిదే కాదు, చుట్టుపక్కల అందరిదీ అంతే. మీ అన్నయ్య మాట తగ్గించేశారు. నువ్వు బెంగపడకు.

నాగదుర్గ


కపిలేశ్వరపురం
1995 అక్టోబరు

శ్రీమతి నాగదుర్గ గారికి,

నిన్న మా రేవుకి కొబ్బరికాయల బేరానికి మీ వైపు నుంచి పోలిరాజు గారని ఒకాయన వచ్చారు. మెరకపాలెం అని తెలిసి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. ఆయన గ్లాసు పట్టుకుని, "మీ పుట్టిల్లాండీ? పాపం, ఆ నుయ్యి ఉప్పుకషాయమైపోయిందండి. ఆ తోటలో కాయ కూడా పిందెలోనే రాలిపోతందండి" అన్నారు. తర్వాత, "అంగన్‌వాడీ టీచరమ్మ జూన్‌లో పోయింది కదండీ, కడుపులో బిడ్డతో. అప్పుడు పేటంతా ఏడుపండి" అన్నారు.

ఎలీసమ్మ జూన్‌లో పోయింది. జులైలో నేను ఆవిడ కాళ్ళు నీరు పట్టాయా అని అడిగాను. ఆగస్టులో మీరు పుట్టింటికెళ్ళిందని రాశారు. చచ్చిపోయిన మనిషికి పురుడు పోస్తున్నానని నాకెవరూ చెప్పలేదు.

ఇంక దాచడానికేం మిగిలింది? అన్నయ్యకి డబ్బు పిచ్చి పట్టింది. ఊరంతా తాగే నూతిలో మోటారు పెట్టి పగలూ రాత్రీ పీల్చి, రొయ్యలకి పోసి, అమ్మ కాపాడిన నుయ్యిని చంపేశాడు. మీరు ఫ్రిజ్జు ముందు కూర్చుని చూశారు. మీ ఇద్దరినీ ఆ తోటకి కాపలా పెట్టినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించండి.

ఉమాదేవి


మెరకపాలెం
1995 నవంబరు

ఉమా,

నువ్వు తిట్టినదానికంటే "మీరు" అని రాసినందుకు ఎక్కువ ఏడ్చాను. మీ అన్నయ్యకి చదివి వినిపించాను. విన్నారు. "అలాగే అనుకోనీ. దానికేమీ రాయకు" అన్నారు. ఇన్నాళ్ళూ ఆయన మాట విన్నాను. ఇవాళ వినడంలేదు, ఎందుకంటే నువ్వు ఆయనకి డబ్బు పిచ్చి అన్నావు.

మోటారు వల్ల నీళ్ళు దిగాయి. ఉప్పవ్వలేదు. దిగడం మా తప్పు, కాదనను. కానీ అప్పటికి ఆపేసి ఉంటే తొలకరికి మళ్ళీ ఊరేది. మన దగ్గర ఇసకదిబ్బలో తీపి నీళ్ళన్నీ వాన నీళ్ళే ఉమా. ఉప్పు నీళ్ళ మీద పాల మీద మీగడలా తేలి ఉంటాయి. కింద ఉన్నది సముద్రమే. అత్తయ్యగారు లోతు తవ్వనివ్వకపోవడానికీ కారణం అదే. ఆవిడ కారణం చెప్పేవారు కాదు, చెయ్యొద్దనేవారు, అంతే. మీ అన్నయ్యకి లోపల భయం ఉంది. బంగారయ్యగారూ వద్దన్నారు. ఆ రోజు నూతి దగ్గర పదిమందిలో మీ అన్నయ్య నీ ఉత్తరం చేత్తో పట్టుకుని, "ఉమ చెప్పింది. నుయ్యి దానిది" అన్నారు. ఆ మాట మీదే మనుషుల్ని దింపారు. మొదటి ఒర దిగినప్పుడు బాగానే ఉంది. చివరి ఒర దిగిన సాయంత్రం నీళ్ళు ఉబికి వచ్చాయి. అందరం చప్పట్లు కొట్టాం. దోసిట పట్టి నోట్లో పోసుకున్నది ఎలీసమ్మే. ఉమ్మేసి నా వైపు చూసింది. "ఉమాగారికి రాయకండి వదినగారూ, బాధపడతారు" అంది. దాచమని మొదట చెప్పింది ఆవిడే.

ఆ తర్వాత మాకు అమలాపురం నుంచి రిక్షా మీద డ్రమ్ముతో కుళాయి నీళ్ళు వచ్చేవి. పేటకి రాలేదు. వాళ్ళు కాలవకి వెళ్ళారు. ఏప్రిల్లో కాలవకి నీళ్ళు కట్టేశాక మడుగుల్లో నిలిచిన నీళ్ళే తెచ్చుకున్నారు. మాకు వచ్చే నీళ్ళు వాళ్ళకి ఎందుకు రావని నాకు ఆ రోజుల్లో ఒక్కసారి కూడా తోచలేదు. జూన్‌లో పేటలో పచ్చకామెర్లు తగిలాయి. చాలామంది లేచి తిరిగారు. వట్టి మనుషులకి తగ్గుతుంది గానీ కడుపుతో ఉన్నవాళ్ళకి కష్టమని కాకినాడ ఆసుపత్రిలో అన్నారట. అక్కడ చేర్చిన మూడో రోజున శ్యామ్ బాబు ఎలీసమ్మ శవాన్ని తీసుకొచ్చాడు.

నిన్ను కాపాడాలని దాచాను. ఇప్పుడు నీ అన్నని కాపాడుకోవాలని చెప్పాను. రెండింటిలో ఏది తప్పో నువ్వే చెప్పు.

నాగదుర్గ


కపిలేశ్వరపురం
1996 జనవరి

వదినా,

రెండు నెలలు కాగితం ముందు కూర్చుని లేచాను. పోలిరాజు గారు నూతి మాట చెప్పినప్పుడు నేను వెతికింది అన్నయ్య తప్పునే. నా ఉత్తరం నాకు గుర్తే రాలేదు. ఎంత ధీమాగా రాశాను వదినా! గోదారి నీళ్ళు తాగి, సముద్రపొడ్డు నూతికి వైద్యం చెప్పాను. పుట్టిన చోటు నీళ్ళెలా ఉంటాయో మర్చిపోయిన మనిషికి ఆ తోట మీద హక్కేమిటి?

అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అనమను. ఒక్కసారి నా ఇంటికొచ్చి అరవమను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఆకులు పట్టుకోక తప్పదు. మా ఆయన రాజమండ్రిలో నీటి ఇంజినీరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన చెప్పినవి రాస్తున్నాను, ఈసారి బంగారయ్యగారికి వినిపించి, ఆయన సరే అంటేనే చెయ్యండి. కొత్త ఒరలు తీయించి, అడుగంతా ఇసకతో పూడ్చి, నుయ్యి పాత లోతుకి తేవాలి. మోటారు తీసెయ్యాలి. తోటని ఆనుకున్న చెరువులు ఎండగట్టి, వాటి గట్లు చెరిపి, వాన నీరు దిబ్బలోనే ఇంకనివ్వాలి. ఏడాదికి వాన ఎంత ఇస్తుందో అంతే మనది, అంతకు మించి తోడితే అడుగున ఉన్నవాడు పైకొస్తాడన్నారు. ఎన్నేళ్ళు పడుతుందని అడిగాను. వానల్ని అడగమన్నారు.

రొయ్యలు కావాలంటే పాయ పక్కన చవిటి పర్రలో, పాయ నీళ్ళతో పెరిగినంత పెంచుకోమను. ఈ తోట మాత్రం వదిలెయ్యాలి. దింపులో నా వాటాకాయలు ఇక పంపొద్దు. వాటిని అమ్మిన డబ్బుతో ఆ డ్రమ్ము రిక్షా పేట దాకా వెళ్ళాలి, పాత నీళ్ళు వచ్చేదాకా ప్రతి రోజూ.

రమ్మని రాయకు. శ్యామ్ బాబు ముందు నిలబడే మొహం నాకు లేదు.

ఉమ


మెరకపాలెం
1999 డిసెంబరు

ఉమా,

నీకు ఎన్నో ఉత్తరాలు రాశాను గానీ ఈ నాలుగేళ్ళలో నూతి మాట ఒక్కసారీ ఎత్తలేదు. నువ్వూ అడగలేదు. ఇవాళ ఎత్తుతున్నాను.

నువ్వు చెప్పినట్టే అంతా చేశాం. మొదటి ఏడాది తుపానుకి సగం చెట్లు కూలాయి. రెండో ఏడాది నీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోయాం. మూడో ఏడాది పశువులు తాగాయి. ఈ ఏడు ఎండల్లో అన్నం వండితే కాస్త ఉప్పు తగిలింది, వానలు వెళ్ళాక అదీ లేదు. మిగిలిన చెట్లకి పిందె నిలుస్తోంది. పాయ పక్కన ఒక్క చెరువుతో, ఏడాదికి ఒక్క పంటతో ఇల్లు గడుస్తోంది. స్లాబు మీద మేడ కట్టలేదు, కట్టాలనీ లేదు. పేటకి నీళ్ళ రిక్షా రెండో ఏడే మానేసింది ఉమా. తెగులు తర్వాత మాకే జరగలేదు. నీకు రాయలేదు. మళ్ళీ కాలవే వాళ్ళకి దిక్కయింది, ఈసారి కాచుకుని తాగుతున్నారు.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక, మీ అన్నయ్య మొదటి బిందె తనే తోడి, తనే భుజాన పెట్టుకుని పేటకి బయల్దేరారు. దారిలో నేను అందుకోబోతే ఇవ్వలేదు. శ్యామ్ బాబు మమ్మల్ని చూసి లేచి నిలబడి కుర్చీ వేశాడు. జుట్టు నెరిసింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

"ఉప్పు పోయింది శ్యామ్ బాబూ" అన్నారు మీ అన్నయ్య. "ముందు నువ్వు తాగాలి."

"చాలా సంతోషమండి. ఊరు బతికిందండి. కూర్చోండి" అన్నాడు.

మీ అన్నయ్య గ్లాసు ముంచి రెండు చేతులతో చాపారు. అతను తీసుకోలేదు. కోపంగా లేడు ఉమా. కోపంగా ఉంటే బాగుండేది.

"తియ్యగానే ఉంటాయండి, ఆయ్. మీరు చెప్పేరు కదా, నమ్ముతానండి. పిల్లలందరూ తాగాలండి. నాకు మాత్రం వద్దండి. ఇవి తియ్యగా ఉన్నాయని నా నోటికి తెలిస్తే, ఆవిడకి ఏం చెప్పుకోనండి?"

తర్వాత నీ సంగతి అడిగాడు. "ఉమాగారు రావడమే మానేసేరు. ఆవిడ పెట్టిన పేర్లు రెండూ ఎలీసమ్మ రోజూ చెప్పుకునేదండి" అన్నాడు. ఆ మాట నీకు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఇక నీ దగ్గర ఏదీ దాచనని అనుకున్నాను కాబట్టి రాశాను.

లేవబోతుంటే, "ఇంటికొచ్చి ఊరికే వెళ్ళకూడదండి" అని స్టవ్వు వెలిగించాడు. మూలనున్న కుండలోంచి కాలవ నీళ్ళు ముంచి టీకి పెట్టడం మేమిద్దరం చూస్తూనే ఉన్నాం. మేం తెచ్చిన బిందె గుమ్మం దగ్గర నిండుగా ఉంది. మీ అన్నయ్య టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని అడుగుదాకా తాగారు. నేనూ తాగాను.

నీ వదిన
నాగదుర్గ